ప్రోబయోటిక్స్‌కూ గాలి కావాలి

కైకలూరు నుంచి భీమవరం దాకా ఏ చేపల చెరువు గట్టు మీద చూసినా ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) ప్యాకెట్ల ఖాళీ కవర్లే. నీళ్లలో గ్యాస్ (అమ్మోనియా) పెరిగినా, చేప తేలినా, మేత మిగిలినా దుకాణంలో రైతు చేతికి వచ్చేది అదే. సూక్ష్మజీవులను నమ్ముకున్న సాగు మంచిదే. కానీ ప్రాణమున్నవాటిని పురుగుమందులా చల్లి వదిలేస్తే డబ్బు నీళ్లపాలే.

28 శాతం మాంసకృత్తులున్న మేత 100 కిలోలు వేస్తే చెరువులోకి దాదాపు నాలుగున్నర కిలోల నత్రజని వెళ్తుంది. చేప ఒంటికి పట్టేది అందులో సుమారు మూడో వంతు. మిగతాది చాలావరకు అమ్మోనియాగా తేలుతుంది. దాన్ని నైట్రోసోమోనాస్ అనే బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను నైట్రోబాక్టర్ వంటివి నైట్రేట్‌గా మారుస్తాయి. కిలో అమ్మోనియా నత్రజనిని మార్చడానికి వాటికి నాలుగున్నర కిలోల ఆక్సిజన్, కాల్షియం కార్బొనేట్ లెక్కన ఏడు కిలోల క్షారత (సున్నం వేస్తే నీటికి వచ్చే గుణం) కావాలి. కరెంటు ఖర్చుకు జంకి ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఆపేసి, సున్నం మానేసి, ప్యాకెట్ పనిచేయలేదంటే ఎలా? పైగా ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి వారాలు పడుతుంది. గ్యాస్ వచ్చిన రోజున మేత ఆపాలి, ఏరేటర్లు తిప్పాలి, కొంత నీరు మార్చాలి. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం 10 శాతం లోపే; 9కి చేరితే 40 శాతం దాటుతుంది. నాచు పచ్చగా కమ్మిన చెరువుల్లో మధ్యాహ్నానికి పీహెచ్ పెరుగుతుంది, అప్పుడు చూడమనేది అందుకే.

అడుగు మడ్డిని తినే బాసిల్లస్ అనే బ్యాక్టీరియా త్వరగా పెరుగుతుంది. అయితే బెల్లం నీళ్లలో పెంచేటప్పుడు డ్రమ్ము మూత బిగిస్తే గాలి లేక అది వెనకబడి, వేరే బ్యాక్టీరియా పైచేయి సాధిస్తుంది. చిన్న ఎయిర్ పంపు పెడితే చాలు. కుళ్లు వాసన వస్తే పారబోయాలి. ఎండెక్కాక, ఏరేటర్లు తిరుగుతుండగా చల్లాలి. క్రిములను చంపే బ్లీచింగ్, అయోడిన్ వేసిన చెరువులో రెండు మూడు రోజులు ఆగాలి. నిన్న బ్లీచింగ్, నేడు ప్రోబయోటిక్ అన్న పద్ధతి ఇప్పటికీ చాలాచోట్ల ఉంది. మేతలో యాంటీబయాటిక్ కలిపితే చేప పేగులోని మేలు బ్యాక్టీరియా కూడా చస్తుంది.

తప్పంతా రైతుది కాదు. ప్యాకెట్ మీద కోట్ల సంఖ్య ఉంటుంది, లోపల ఎన్ని బతికున్నాయో తెలియదు. మేత నాణ్యతకు 2020లో ఆంధ్రప్రదేశ్ చట్టం తెచ్చింది. ప్రోబయోటిక్స్ మీదా అంతే పట్టు ఉండాలి. బ్యాక్టీరియా రకం, గ్రాముకు సజీవ సంఖ్య, గడువు, నిల్వ ఉష్ణోగ్రత లేబుల్‌పై తప్పనిసరి చేయాలి. ఎండ పడే షెల్ఫుల నుంచే నమూనాలు తీసి ల్యాబుల్లో పెంచి చూడాలి. ఫలితాలను బ్రాండు పేర్లతో సహా ప్రతి సీజన్‌కు ముందు మత్స్యశాఖ ప్రకటించాలి.