నిండు ట్యాంకులతో దిగితే విమానం విరిగిపోతుందా?

విమానం ఎగిరిన కాసేపటికే వెనక్కి వచ్చిందని వార్త వస్తే చాలు, ఫోన్లలో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. 2025 జూన్‌లో అహ్మదాబాద్ ప్రమాదం జరిగాక ఇది మరీ ఎక్కువైంది. దాని సారాంశం ఇది: "ట్యాంకులు నిండుగా ఉన్న విమానాన్ని దించితే చక్రాలు విరిగి పేలిపోతుంది. అందుకే ముందు ఇంధనం పారబోయాలి. పారబోయలేదంటే కంపెనీ డబ్బు మిగుల్చుకుంటోంది. గంటలకొద్దీ చక్కర్లు కొడుతోందంటే పైలట్‌కు ఏం చేయాలో తెలియడం లేదు. పారబోసిన ఇంధనమేమో ఊళ్ల మీద వానలా పడుతుంది."

మా పిన్ని కొడుకు షార్జాలో పనిచేస్తాడు. వాడు సెలవుకు వస్తున్న రాత్రి ఈ మెసేజ్ చూసి పిన్ని తెల్లవార్లూ కూర్చునే ఉంది. ఆవిడకు ఫోన్‌లో చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

చక్రాలు విరుగుతాయన్న మాట ముందు చూద్దాం. మిగతా భయాలన్నీ దీని నుంచే పుట్టాయి. ప్రతి పెద్ద విమానానికీ రెండు బరువు పరిమితులుంటాయి, ఎగరడానికి ఒకటి, దిగడానికి ఒకటి. బోయింగ్ 737-800 దాదాపు 79 టన్నులతో ఎగరగలదు. దిగే పరిమితి 66 టన్నులు. సముద్రాలు దాటే 777-300ఈఆర్‌లో ఈ తేడా ఏకంగా 100 టన్నులు: ఎగిరేందుకు 351, దిగేందుకు 251. ఇంధనం దారిలో ఎలాగూ ఖర్చవుతుంది. నిండు బరువుతో రోజూ దిగేంత మందంగా చక్రాల వ్యవస్థను చేస్తే ఆ అదనపు ఇనుమును ప్రతి ప్రయాణంలోనూ ఊరికే మోయాలి. తక్కువ పరిమితి పెట్టింది అందుకు.

అంతమాత్రాన ఆ పరిమితి దాటగానే విరిగిపోదు. విమానానికి అనుమతి ఇచ్చే ముందే ఇది లెక్కలోకి వస్తుంది. గరిష్ఠ ల్యాండింగ్ బరువుతో, సెకనుకు 10 అడుగుల చొప్పున కిందికి వచ్చి నేలను తాకినా గేర్ (అదే, చక్రాల వ్యవస్థ) తట్టుకోవాలి. నిండు టేకాఫ్ బరువుతో అయితే సెకనుకు 6 అడుగుల చొప్పున వచ్చినా తట్టుకోవాలి. మామూలు ల్యాండింగ్‌లో ఆ వేగం రెండు మూడు అడుగులే ఉంటుంది. అంటే ఎగిరిన బరువుతోనే తిరిగి దిగాల్సిన రోజు వస్తుందని ఊహించే ఆ విమానాన్ని తయారుచేశారు.

అయితే దీన్ని తేలికగా తీసుకోమని నేను అనడం లేదు. బరువు పెరిగితే దిగేటప్పుడు ముందుకు దూసుకెళ్లే వేగం పెరుగుతుంది, రన్‌వే ఎక్కువ కావాలి, బ్రేకులు విపరీతంగా వేడెక్కుతాయి. చక్రాల్లో ఫ్యూజ్ ప్లగ్‌లని ఉంటాయి. వేడి హద్దు దాటితే అవి కరిగి టైరులోని నైట్రోజన్‌ను మెల్లగా వదిలేస్తాయి. ఫొటోల్లో గాలి పోయిన టైర్లు చూసి "పేలిపోయాయి" అంటుంటారు గానీ చాలాసార్లు జరిగింది ఇదే. టైరు పేలకుండా కాపాడింది ఆ ప్లగ్.

ఇక ఇంధనం పారబోయడం. 737లోనూ, మన దేశంలో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ ఏ320 కుటుంబంలోనూ ఆ ఏర్పాటే లేదు. పారబోయడానికి గొట్టమే లేని విమానంలో "డబ్బు కోసం పారబోయలేదు" అనడంలో అర్థం లేదు. ఆ సదుపాయం ఉన్నది 777 లాంటి పెద్ద విమానాల్లో.

చక్కర్ల సంగతికి 2024 అక్టోబర్ 11 గుర్తు చేసుకోండి. తిరుచిరాపల్లి నుంచి షార్జాకు బయలుదేరిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 737లో హైడ్రాలిక్ సమస్య వచ్చింది, అంటే ద్రవం ఒత్తిడితో చక్రాలు, బ్రేకుల్లాంటి వాటిని నడిపే వ్యవస్థలో. రెండు గంటలకు పైగా ఆకాశంలోనే తిరిగింది. కింద అంబులెన్సులు, టీవీల్లో లైవ్, చూసేవాళ్లందరికీ టెన్షన్. పైలట్లు చేస్తున్నది మాత్రం పద్ధతి ప్రకారం చేయాల్సిన పని. 737 గంటకు రెండున్నర టన్నుల చొప్పున ఇంధనం తాగుతుంది. బరువు తగ్గించడానికి వాళ్లకున్న దారి అదొక్కటే. రెక్కలు, ఇంజిన్లు బాగానే ఉన్నాయి, మంటలు లేవు, టైం ఉంది. హైడ్రాలిక్ దెబ్బతిన్నప్పుడు బరువు తగ్గించుకుని దిగడమే మేలు. చివరికి మామూలుగానే దిగింది.

టైం లేకపోతే లెక్క తలకిందులవుతుంది. 1998 సెప్టెంబర్ 2న స్విస్ ఎయిర్ 111లో కాక్‌పిట్‌లో పొగ వాసన వచ్చిన దాదాపు 20 నిమిషాలకే విమానం కెనడా తీరంలో సముద్రంలో కూలింది. 229 మంది పోయారు. దగ్గర్లోని హాలిఫాక్స్ విమానాశ్రయం వైపు తిరిగిన పైలట్లు దిగేముందు ఇంధనం పారబోయాలనుకున్నారు. నేరుగా దిగబోయినా రన్‌వే చేరేవారు కాదని దర్యాప్తులో తేలింది కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. కానీ ఎక్కడి నుంచో తెలియని పొగ వస్తే బరువు గురించి ఆలోచిస్తూ ఆగకూడదన్న పాఠం పైలట్ల శిక్షణలో బలంగా నాటుకుంది. అలాంటప్పుడు నిండు ట్యాంకులతో వెంటనే దించిన పైలట్‌ను "నిర్లక్ష్యం" అంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇంధనం వాన గురించి: మామూలుగా కొన్ని వేల అడుగుల ఎత్తులోనే పారబోస్తారు, నేల చేరేలోపే చాలావరకు ఆవిరైపోతుంది. 2020 జనవరి 14న లాస్ ఏంజిలిస్‌లో మాత్రం ఒక డెల్టా 777 చాలా తక్కువ ఎత్తులో వదిలింది, బడి పిల్లల మీద పడింది. అది నిజంగా జరిగింది, జరగకూడనిది. దాన్నే ఎప్పుడూ జరిగేదిగా చూపించడం మాత్రం తప్పు.

పిన్ని అడిగిన ఆఖరి ప్రశ్న: అలా దిగిన విమానాన్ని మళ్లీ ప్రయాణికులతో ఎగరేస్తారా? ఊరికే ఎగరేయరు. బరువు మించి దిగినట్టు లాగ్‌బుక్‌లో రాస్తారు. ఇంజినీర్లు గేర్, రెక్కల అతుకులు, టైర్లు, బ్రేకులు పరీక్షిస్తారు, ఏ కాస్త తేడా కనిపించినా ఇంకా లోతుగా విప్పి చూస్తారు. 2010 నవంబర్ 4న ఇంజిన్ పగిలి, ఇంధనం పారబోసే వ్యవస్థ కూడా పాడైన ఆస్ట్రేలియా కంపెనీ క్వాంటాస్ విమానం ఏ380 పరిమితి కన్నా 40 టన్నులకు పైగా అదనపు బరువుతో సింగపూర్‌లో దిగింది. నాలుగు టైర్లు పోయాయి, రన్‌వే చివర 150 మీటర్ల లోపే మిగిలింది. లోపలున్న 469 మందిలో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. అదే విమానం మరమ్మతుల తర్వాత 2012లో మళ్లీ ఎగిరింది.