సవరణ: వేలం రోజు దాకా గడువు ఉండదు

నల్గొండ, మహబూబ్‌నగర్‌లలో బ్యాంకులు వేలానికి పెట్టే ఇళ్ల గురించి రాసిన పోస్టులో, వేలం జరిగే రోజు దాకా బాకీ కట్టి ఇల్లు విడిపించుకోవచ్చని చెప్పాను. అది తప్పు. బాకీ కట్టకపోతే తాకట్టు పెట్టిన ఇంటిని బ్యాంకు కోర్టుకెళ్లకుండానే అమ్ముకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం వేలం ప్రకటన వెలువడకముందే, ఖర్చులతో సహా మొత్తం బాకీ కట్టాలి. 2023లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. పేపర్లో ప్రకటన చూశాక డబ్బు కోసం తిరిగితే ఆ హక్కు అప్పటికే పోయి ఉంటుంది. అందుకే మొదట వచ్చే 60 రోజుల్లో బాకీ కట్టమనే డిమాండ్ నోటీసును టెన్షన్‌తో బీరువాలో పడేయొద్దు. బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకుంటే 45 రోజుల్లోగా హైదరాబాద్‌లోని బ్యాంకు బాకీల గొడవలు విచారించే డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు.

ఇంకొకటి. వేలం కనీస ధరనే ఆ కాలనీ రేటు అని కొందరు అనుకున్నారు. కాదు. 'ఉన్నది ఉన్నట్టు' అమ్మే ఇంట్లో ఇంకా మనుషులుండొచ్చు, ఇంటి పన్ను బకాయి ఉండొచ్చు. ఆ రిస్కు కొనేవాళ్లదే కాబట్టి ధర తగ్గుతుంది. ఒకే వీధిలో వేలాలు వరసగా వస్తే చుట్టుపక్కల రేటు కూడా కొంత మెత్తబడొచ్చు, నిజమే. కానీ ఒక్క వేలం అంకె చూపించి, బిడ్డ పెళ్లికి ఇల్లు అమ్ముకునేవాళ్లను బేరంలో తొక్కడం అన్యాయం. అమ్మేవాళ్లు ముందు ఆ వీధిలో ఈమధ్య మామూలు అమ్మకాలు ఎంతకు జరిగాయో కనుక్కోండి.