లేచి కూర్చున్న ఫ్లోరింగు గారికి

మహారాజశ్రీ వినైల్ ఫ్లోరింగు గారికి,

హనుమకొండ నుంచి మీ ఇంటి ఓనరు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, ఇక్కడ మేం కుశలమే, మీరే లేచి కూర్చున్నారు. అదీ టీవీకీ సోఫాకీ నడుమ, సరిగ్గా చుట్టాలు కాలు పెట్టే చోట. మా అమ్మ చూసి, "హాల్లో పుట్ట లేచింది బిడ్డా. ఇగ నాగులచవితికి ఊరికి పోవుడెందుకు, ఇక్కడ్నే పాలు పోద్దాం" అన్నది. తొక్కితే టక్కుమని దిగుతారు, కాలు తీస్తే మళ్ళీ లేస్తారు.

జనవరిలో వచ్చినప్పుడు ఎంత బుద్ధిగా ఉండేవారండీ! సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి నొక్కిన గట్టి పలకలని చెప్పి షాపాయన మీ ముక్కనొకదాన్ని బకెట్లో ముంచి చూపించాడు. "నీళ్ళకు ఏం కాదు సార్" అన్నాడు. నిజమే, నీళ్ళకు ఏం కాలేదు. ఎండ సంగతి ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. మే నెలలో 44 డిగ్రీలు చూసే ఊళ్ళో పుట్టి పెరిగినవాణ్ణి, వాన గురించి మూడుసార్లు అడిగాను. పైగా పడమటి వైపు పెద్ద గాజు తలుపు. పరదా వేద్దామని మా ఇంటామె అంటే, వ్యూ పోతుందన్నాను. ఆ వ్యూలో ఉన్నది పక్కింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు.

మీ డబ్బాలో వచ్చిన కాగితాన్ని మొన్ననే చదివాను. ఇన్నాళ్ళూ అది చెప్పుల స్టాండు కింద ఉంది. వేసే గదిలోనే డబ్బాలను 48 గంటలు పడుకోబెట్టాలట. మేం మెట్ల కింద నిలబెట్టి, తెచ్చిన రోజే విప్పాం. కింద నేల మూడు మీటర్లకు ఐదు మిల్లీమీటర్లకు మించి ఎగుడుదిగుడు ఉండొద్దట. మా పాత తాండూరు బండల గురించి మీకు వేరే చెప్పాలా, వాటి మీదనే కదా పడుకున్నారు.

అసలు మాట ఇది. గోడకూ మీకూ నడుమ 6 నుంచి 10 మిల్లీమీటర్ల సందు వదలాలి. మిమ్మల్ని నేలకు అతికించరు. పలకకు పలక లాక్ పడి హాలంతా ఒకే చాప అవుతుంది. వేడికి ఆ చాప నాలుగు వైపులా జరుగుతుంది. జరగడానికి జాగా లేకపోతే మిగిలింది పైకే. పని చేసిన పిల్లగాడు గోడ పొంటి చెక్క ముక్కలు పెట్టుకుంటూ వచ్చాడు పాపం. "ఈ సందేంది, చీమలు చేరవా?" అని తీయించింది నేనే. మేస్త్రీని పిలిచి వైట్ సిమెంటు పట్టించిందీ నేనే. గాలికి కదలొద్దని టీవీ యూనిట్‌ను మీలోంచి కిందికి స్క్రూలు కొట్టించిందీ... ఆ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు, మీరూ చెప్పకండి.

ఇంకో సిగ్గుచేటు సంగతి. ఇంటికొచ్చిన ప్రతి చుట్టాన్నీ పాలంపేట తీసుకుపోతాను. 1213 నాటి రామప్ప గుడి ముందు నిలబడి, పునాదిలో కాకతీయులు ఇసుక ఎందుకు నింపారో చెబుతాను. కింద నేల కదిలినా ఆ ఇసుక సర్దుకుంటుందని, రాయికైనా కాస్త జాగా ఇవ్వాలని చేతులు తిప్పి మరీ వివరిస్తాను. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడైతే నేనే కట్టించినంత సంబరపడ్డాను. గోపురంలో వాడిన ఇటుకలు నీళ్ళ మీద తేలుతాయని చెబితే చుట్టాలు నోరెళ్ళబెడతారు. మిమ్మల్ని కూడా 'తేలే ఫ్లోరింగు' అనే అంటారట. మీకు మాత్రం పెన్సిల్ మందం జాగా ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు.

సోమవారం ఆ పిల్లగాడే వస్తున్నాడు. స్కర్టింగు విప్పి, వైట్ సిమెంటు గీకి, అంచులు కోసి, స్క్రూలు పీకుతాడు. లాకులు విరిగిన పలకలు మార్చాలట. స్కర్టింగును ఈసారి గోడకే కొడతాడు, మీ జోలికి రాడు. పరదా కూడా కుట్టడానికిచ్చాం.

ఈలోగా ఒక్క విన్నపం. ఆదివారం మా వియ్యంకులవాళ్ళు వస్తున్నారు. పుట్ట కనబడకుండా సోఫాను మీ నెత్తి మీదికి జరిపాం. ముగ్గురు కూర్చుంటారు, మా వియ్యంకుడు కాస్త భారీ మనిషి. వాళ్ళు టీ తాగి లేచేదాకా కదలకండి.

ఇట్లు,
మీ పక్క నుంచి నడిచి పోయే
ఇంటి ఓనరు