రక్తంలోనే ఉంటే బడి దేనికి?

న్యూయార్క్‌లో యూదు వలసదారుల కోసం 1884లో మొదలైన హీబ్రూ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి వాట్సాప్‌లో ఒక సందేశం తిరుగుతోంది. చదువుకున్న మిత్రులే దాన్ని పదే పదే పంపుతుంటే ఇక ఊరుకోబుద్ధి కావడం లేదు. కవయిత్రి ఎమ్మా లజారస్ ఒంటిచేత్తో పెట్టిన ఆ బడిలో ఆరు నెలలు చదివి అందరూ ధనవంతులయ్యారని, నైపుణ్యం వాళ్ళ రక్తంలోనే ఉందని, చేతిలో డబ్బు పెట్టడం కంటే పని నేర్పడమే మేలని, ఎవరి సాయమూ లేకుండా ఎదిగారు కనుక మన దగ్గర ఉచిత చదువులు, ఫీజు రీయింబర్స్‌మెంట్లు దండగని దాని సారాంశం.

రష్యా నుంచి వచ్చి న్యూయార్క్‌లోని వార్డ్స్ ద్వీపంలో తలదాచుకున్నవారిని చూసి చలించిన లజారస్ ఆ బడి కోసం పాటుపడిన మాట నిజమే గాని, దాన్ని నిలబెట్టింది ఆమె ఒక్కరే కాదు. ఆరు నెలలన్నదీ తప్పే. అక్కడ మూడేళ్ళ చదువు. కొద్ది నెలల్లో పని నేర్పింది యూదు దాత బ్యారన్ డి హిర్ష్ 1891లో ఏర్పరచిన నిధితో వచ్చిన వేరే బడి. అందరూ ధనవంతులయ్యారన్న మాటకు జవాబు కూడా అనవసరం.

అసలు విషం రక్తం మాటలో ఉంది. 1882 మే చట్టాలతో రష్యాలో యూదులు కొత్తగా పల్లెల్లో స్థిరపడకుండా చేశారు. 1887లో ఉన్నత పాఠశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో వారి ప్రవేశానికి నివాస మండలంలో, అంటే యూదులు ఉండడానికి అనుమతించిన పశ్చిమ ప్రాంతాల్లో 10 శాతం, దాని బయట 5 శాతం, రాజధానులైన సెయింట్ పీటర్స్‌బర్గ్, మాస్కోల్లో 3 శాతం అని గిరి గీశారు. అలా చదువుకూ నేలకూ దూరమైనవారు న్యూయార్క్ చేరి కుట్టుపనిలో, తోపుడుబళ్ళ వ్యాపారంలో కిక్కిరిసిపోయారు. వారికి మరో దారి చూపడానికే ఈ బడులు పుట్టాయి. స్టైవెసంట్ వీధిలోని హీబ్రూ ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లవాడు చెక్కను చిత్రిక పట్టి, ఇనుమును ఆకురాయితో అరగదీసి, యంత్రభాగాలను కొలత తప్పకుండా కాగితం మీద గీసి పని నేర్చుకున్నాడు. ఇందులో రక్తం చేసిన పని ఏది? యూదులు పుట్టుకతోనే వేరన్నది వారిని ద్వేషించినవారు చెప్పిన మాట. దాన్నే పొగడ్తగా మార్చి పంచుతున్నామని ఒక్కరికైనా తట్టలేదా?

ఒక్క విషయంలో మాత్రం సందేశంతో ఏకీభవిస్తాను. చేతిలో డబ్బు పెట్టడం కంటే చేతికి పని నేర్పడం మేలన్న ఆలోచన ఆ బడుల వెనక నిజంగానే ఉంది. అయితే ఆ ఆలోచన వట్టి మాటలతో నడవలేదు. హిర్ష్ తన నిధికి 24 లక్షల డాలర్లిచ్చాడు. రెండు బడుల్లోనూ చదువు ఉచితం. ఫీజు అడగని బడిని చూపించి, ఫీజు కట్టలేని పిల్లల చదువు దండగని రాయడానికి మనసెలా ఒప్పింది?