204లో కోచ్ సారు, నలుగురు అబ్బాయిలు, ఒక ఎక్స్‌ట్రా బెడ్

అండర్-13 టోర్నమెంటుకి బయలుదేరడానికి ముందురోజు సాయంత్రం మా అబ్బాయి బ్యాడ్మింటన్ అకాడమీ వాట్సాప్ గ్రూపులో ఒక కాగితం ఫొటో వచ్చింది. రైలు బోగీ నంబరు, స్టేషనుకి చేరవలసిన సమయం, వెంట తెచ్చుకోవలసిన తువ్వాలు, రెండు జతల సాక్సులు, అన్నిటికన్నా కింద లాడ్జి గదుల పంపకం. 203లో ఇద్దరు అమ్మాయిలు, వారిలో ఒకరి తల్లి. 204లో కోచ్ సారు, నలుగురు అబ్బాయిలు, ఒక ఎక్స్‌ట్రా బెడ్. ఆ నలుగురిలో చిన్నవాడికి 10 ఏళ్లు, మావాడికి 12.

నేను వీలైనంత మర్యాదగానే రాశాను. కోచ్ సారుకి విడిగా ఒక గది తీసుకుందామని, అబ్బాయిలతో తండ్రుల్లో ఎవరో ఒకరు వస్తే మంచిదని, అయ్యే అదనపు ఖర్చు ఆరు కుటుంబాలం పంచుకుంటామని. ఆ మెసేజిని ఎవరెవరు చూశారని నొక్కితే 31 పేర్లు కనిపించాయి. ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. పది నిమిషాల తరువాత మాత్రం విడివిడిగా ఫోన్లు మొదలయ్యాయి. అకాడమీ నిర్వాహకుడు "మీకు మా మీద నమ్మకం లేదా సార్?" అని నొచ్చుకున్నారు. ఒక తండ్రి "ఆడపిల్లలైతే ఆలోచించాలి గానీ అన్నా, వీళ్లు మగపిల్లలేగా" అని తేల్చేశాడు. మరొక పిల్లవాడి తల్లి గొంతు తగ్గించి, "మీరడిగింది సబబే అండీ, కానీ సారు మనసులో పెట్టుకుని రేపు మా బాబుని పక్కన కూర్చోబెడితే ఏం చేస్తాం?" అన్నారు.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ కోచ్ మీద నాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు, ఆయన ఏ తప్పూ చేయలేదు. మావాడి బ్యాక్‌హ్యాండ్ ఈ మాత్రం కుదురుకున్నదంటే అది ఆయన ఓపిక వల్లనే. నేను అడిగింది ఆయన గుణం గురించి కాదు, గదుల పంపకం గురించి. ఈ రెండింటికీ తేడా చెప్పడానికి ఆ రాత్రి నాకు గంటన్నర పట్టింది, అయినా ముగ్గురిలో ఒక్కరికే అర్థమైంది.

బ్యాంకులో లాకరు తెరవాలంటే మన తాళంచెవి ఒక్కటే చాలదు, బ్యాంకువారి తాళంచెవి కూడా పడాలి. ఆ రెండో తాళంచెవిని చూసి "నన్ను దొంగ అనుకుంటున్నారా" అని ఏ ఖాతాదారూ అలగడు, "నా మీద నమ్మకం లేదా" అని ఏ మేనేజరూ నొచ్చుకోడు. నాలుగు కాసుల బంగారానికి ఇంత ఏర్పాటు సహజమని ఒప్పుకునే మనం, నలుగురు పిల్లల విషయంలో అదే ఏర్పాటు అడిగితే అవమానంగా ఎందుకు తీసుకుంటామో నాకు బోధపడదు. పైగా ఆ రెండో తాళంచెవి మేనేజరుకి కూడా రక్ష. ఏదైనా పోయిందని రేపెవరైనా అంటే ఆయన ఒక్కడే జవాబుదారీ కానక్కరలేదు. పిల్లలతో ఒంటరిగా ఒకే గదిలో రాత్రి గడపని కోచ్‌కి కూడా అంతే.

అమెరికాలో ఒలింపిక్ క్రీడా సంఘాల పరిధిలో పిల్లల రక్షణ కోసం 2017లో సేఫ్‌స్పోర్ట్ కేంద్రం ఏర్పడింది. అక్కడి నిబంధనల సారం చాలా చిన్నది. పెద్దవారు ఒక పిల్లవాడితో ఒంటరిగా మాట్లాడవలసి వస్తే, అది ఇతరులకు కనిపించే చోట, ఎవరైనా మధ్యలోకి రాగలిగేలా జరగాలి. పిల్లలకు పంపే మెసేజి వారి తల్లిదండ్రులకో, మరొక పెద్దవారికో కూడా చేరాలి. కొద్దిపాటి మినహాయింపులు తప్ప కోచ్ పిల్లలతో ఒకే హోటల్ గదిలో బస చేయకూడదు. ఇందులో ఏ ఒక్కదానికీ కోట్లు అక్కరలేదు. మా టోర్నమెంటుకి రెండు రాత్రులకు ఒక అదనపు గది 2,400 రూపాయలు, ఆరుగురం పంచుకుంటే తలా 400. ఒక డబ్బా ఫెదర్ షటిల్స్‌కి అంతకన్నా ఎక్కువే పోస్తున్నాం.

ఇక "మగపిల్లలేగా" అన్న మాట దగ్గరికి వస్తాను, ఎందుకంటే నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం కలిగించింది ఆ మాటే. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో 13 రాష్ట్రాల్లో పన్నెండు వేలకు పైగా పిల్లలతో మాట్లాడి ఒక అధ్యయన నివేదిక ప్రచురించింది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని చెప్పిన పిల్లలు 53 శాతం, వారిలో సగానికి పైగా మగపిల్లలు. ఎక్కువ శాతం నమోదైన రాష్ట్రాల జాబితాలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. వేధించినవారిలో సగం మంది ఆ పిల్లలకు తెలిసినవారు, పెద్దరికమో నమ్మకమో ఉన్న స్థానాల్లోనివారు.

ఇంగ్లండులో క్రూ అలెగ్జాండ్రా అనే ఫుట్‌బాల్ క్లబ్బులో బ్యారీ బెన్నెల్ అనే కోచ్ ఉండేవాడు. పిల్లల్లో ప్రతిభను పసిగట్టడంలో అతనికి గొప్ప పేరు. వారాంతాల్లో అబ్బాయిలు అతని ఇంట్లోనే బస చేసేవారు, తమ పిల్లవాడిని అంతటి కోచ్ ఎంచుకున్నాడని తల్లిదండ్రులు పొంగిపోయేవారు. ఆ పిల్లల్లో ఒకరైన ఆండీ వుడ్‌వర్డ్ పెద్దవాడై, ఆటగాడిగా జీవితం ముగించి, 2016 నవంబరులో తన పేరుతో బయటికి వచ్చి మాట్లాడేదాకా, బెన్నెల్ ఆ పిల్లలపై సాగించిన లైంగిక దాడుల అసలు లోతు లోకానికి తెలియలేదు. ఆయన వెనక ఎందరో మాజీ ఆటగాళ్లు తమకు జరిగింది చెప్పారు. 2018లో 12 మంది బాలుర పట్ల చేసిన 50 నేరాలకు బెన్నెల్‌కి శిక్ష పడింది. 2021లో వెలువడిన స్వతంత్ర విచారణ నివేదిక అక్కడి ఫుట్‌బాల్ సంఘం పిల్లల రక్షణలో విఫలమైందని తేల్చింది. ఇంత చెప్పింది మా కోచ్‌ని అతనితో పోల్చడానికి కాదు. "ఇంత మంచి సారు, ఇంత పేరున్న సారు" అన్నదే ఏర్పాటుకు బదులుగా నిలిచిన చోట ఏమవుతుందో చూపడానికి.

మూడో ఫోనులో ఆ తల్లి చెప్పిన భయం నిజమైనది, దాన్ని నేను తేలికగా తీసుకోలేను. మెయిన్ కోర్టు మీద ఎవరు ఆడాలో, జిల్లా పోటీలకు ఎవరి పేరు వెళ్లాలో, డబుల్స్‌లో ఎవరికి ఎవరు జోడీయో నిర్ణయించేది ఒక్క మనిషే. 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచాక, 2012లో సైనా, 2016లో సింధు ఒలింపిక్ పతకాలు తెచ్చాక మన కాలనీల్లో రేకుల షెడ్లన్నీ కోర్టులయ్యాయి. అది సంతోషించవలసిన విషయమే. కానీ ఆ షెడ్డులోకి అడుగు పెట్టగానే నెలకు వేలు కట్టే మనం కూడా చేతులు కట్టుకుని నిలబడుతున్నాం. డబ్బు కట్టిన పెద్దవాళ్లమే నోరు మెదపలేనప్పుడు పదేళ్లవాడు మెదుపుతాడని ఎలా ఆశిస్తాం?

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. రెండేళ్ల క్రితం మావాడిని చేర్చిన రోజున నేను కోచ్ సారుతో నవ్వుతూ, "మాట వినకపోతే రెండు తగిలించండి సార్, మాకేం అభ్యంతరం లేదు" అన్నాను. మన ఇళ్లలో ఇది అతి మామూలుగా అనే మాట. నా చిన్నప్పుడు మా నాన్నగారు కూడా లెక్కల మాస్టారితో అదే అన్నారు, దండం దశగుణం భవేత్ అన్న ముక్క కూడా జోడించారు. మావాడు పక్కనే నిలబడి, రాకెట్ గ్రిప్ చుట్టుకుంటూ విన్నాడు. ఆ తరువాత చాలా నెలలకు ఒకరోజు స్నానం చేసి వచ్చినవాడి పిక్కల మీద కందిన గీత చూసి ఏమిటని అడిగితే, ఫుట్‌వర్క్ తప్పితే సారు రాకెట్ షాఫ్టుతో తట్టారన్నాడు. ముందే ఎందుకు చెప్పలేదని కోప్పడ్డాను. "నువ్వే కొట్టమన్నావుగా నాన్నా" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్లవాడి ఒంటి మీద చేయి వేసే అధికారాన్ని వాడి ఎదుటే నేను మరొకరికి రాసిచ్చాను. రేపు అంతకన్నా ఘోరమైనది ఏదైనా జరిగితే, అది ఎక్కడ మొదలై ఎక్కడ హద్దు దాటిందో వాడికెలా తెలుస్తుంది, తెలిసినా ఏ నోటితో నాకు చెబుతాడు? మరునాడు వాడిని వెంటబెట్టుకునే వెళ్లి, వాడు వినేలా ఆ మాట వెనక్కి తీసుకున్నాను. సారు కొంచెం ఇబ్బందిపడ్డా, "సరే సార్, ఇక కొట్టను" అన్నారు, మాట నిలబెట్టుకున్నారు కూడా. ఇప్పటికీ ఆ షెడ్డు గేటు దగ్గర "రెండు తగిలించండి సార్" అనే తండ్రులు వారానికి ఒకరైనా కనిపిస్తారు. వాళ్లను పక్కకు పిలిచి ఇదంతా చెప్పాలని నోటిదాకా వస్తుంది. ఒకసారి చెప్పాను, "మీ వాడు సుకుమారం లెండి" అని నవ్వి వెళ్లిపోయాడాయన.

చట్టం లేక కాదు. 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్లలోపు వారందరికీ, ఆడామగా తేడా లేకుండా వర్తిస్తుంది. దాని 19వ సెక్షను ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు, జరగవచ్చని భయపడుతున్నవారు ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి. ఇది ఇష్టాయిష్టాల మీద వదిలిన పని కాదు. సంస్థ నడిపేవారు తమ కింద పనిచేసేవారి నేరాన్ని చెప్పకుండా దాచిపెడితే ఏడాది వరకు జైలు. సదుద్దేశంతో సమాచారమిచ్చినవారి మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ కేసు నిలవదు. అంటే "మన అకాడమీ పరువు పోతుంది, లోపల్లోపల మాట్లాడుకుందాం, కోచ్‌ని మాన్పించేద్దాం" అని పెద్దమనుషులు కూర్చుని చేసే సర్దుబాటు మంచితనం కాదు, నేరం. అలా నిశ్శబ్దంగా మాన్పించిన మనిషి తిన్నగా పక్క కాలనీ షెడ్డుకే పోతాడు.

కొట్టడం సంగతి చూస్తే, పిల్లల బాధ్యత చేతిలో ఉన్నవారు వారిని కొట్టినా హింసించినా 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షను ఉండనే ఉంది. 2013లో వచ్చిన పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం క్రీడా సంస్థలను, స్టేడియంలను కూడా పనిచోటుగానే లెక్కించి, పదిమంది సిబ్బంది ఉన్నచోట అంతర్గత కమిటీ ఉండాలంది. కానీ 2023లో లైంగిక వేధింపుల ఆరోపణలతో మహిళా రెజ్లర్లు ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర ధర్నాకు కూర్చున్నాక గానీ పెద్ద పెద్ద జాతీయ సమాఖ్యల్లోనే ఆ కమిటీలు సరిగ్గా లేవన్న సంగతి చర్చకు రాలేదు. పత్రికల్లో వచ్చిన ఆ వార్తల ఆధారంగా ఆ మే నెలలో జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసులిచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టంలో సురక్షిత క్రీడా విధానం గురించిన ప్రస్తావన ఉంది, మంచిదే. కానీ ఆ చట్టం గురి ఢిల్లీలోని సమాఖ్యల మీద. మా రేకుల షెడ్డుకి అది ఎప్పుడు, ఏ దారిలో చేరుతుందో చూడాలి. ఇంట్లో డ్రైవరును పెట్టుకున్నప్పుడు ఆధార్ కాపీ తీసుకుని పాత యజమానికి ఫోను చేసి కనుక్కున్న నేను, రోజుకు రెండు గంటలు నా కొడుకును అప్పజెప్పే మనిషి ఇంతకుముందు ఎక్కడ పనిచేశాడో ఒక్కసారి కూడా అడగలేదు. అది ఏ చట్టం తప్పూ కాదు.

భద్రత అంటే ఇదొక్కటే కాదని నాకూ తెలుసు. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి రేకుల కింద పిల్లలను ఉరికించడం, మడమ మెలికపడితే ఐస్ కూడా లేని ఫస్ట్ ఎయిడ్ డబ్బా, వీటి మీద విడిగా ఎప్పుడైనా రాస్తాను.

చివరకు ఆ టోర్నమెంటుకి నేనూ వెళ్లాను. 204లో అబ్బాయిలతో నేను పడుకున్నాను, సారుకి 206 తీసుకున్నాం. రైల్లో మావాడు పై బెర్తు మీద నుంచి తల వేలాడేసి, "నాన్నా, సారు చెడ్డవాడా?" అని అడిగాడు. కాదన్నాను. "మరి నువ్వెందుకు వచ్చావు?" సారు స్థానంలో ఎవరున్నా వచ్చేవాణ్ననీ, ఎక్కడికెళ్లినా పెద్దవాళ్లెవరూ పిల్లలతో తలుపేసుకుని ఒంటరిగా ఉండకూడదన్నది ఇకమీదట మన ఇంటి పద్ధతనీ, ఆ పద్ధతి తప్పమని ఎవరైనా నిన్ను అడిగితే, వాళ్లు ఎవరైనా సరే, మామయ్య అయినా సరే, ఆ రోజే నాకు చెప్పాలనీ, చెబితే తిట్టననీ అన్నాను. "మామయ్యైనా?" అని రెట్టించి అడిగి, కాసేపు ఆలోచించి, చిప్స్ ప్యాకెట్ అందుకున్నాడు.

సారు మొదటి రోజంతా ముభావంగా ఉన్నారు. రెండో రోజు క్వార్టర్ ఫైనల్లో మావాడు 19-21తో మూడో గేము పోగొట్టుకుని ఏడుస్తుంటే, కోర్టు పక్కనే అందరి ఎదుటా వాడి భుజం తట్టి నీళ్లసీసా ఇచ్చారు. టీ దగ్గర నాతో, "విడిగా గది ఉంటే నాకూ హాయిగానే ఉంది సార్, నలుగురు పిల్లల మధ్య ఎవడు నిద్రపోతాడు?" అన్నారు. ఈ నెల టోర్నమెంటు కాగితంలో ఆయన గది విడిగానే ఉంది, నేను అడగకుండానే.

నిర్వాహకుడిని ఇంకొక్కటి అడిగాను. నీళ్ల కూలర్ పక్కన, పిల్లల కంటికి ఆనే ఎత్తులో, బాలల సహాయ నంబరు 1098 పెద్ద అక్షరాలతో అంటించమని, ఇబ్బంది ఏదైనా ఉంటే కోచ్‌తో సంబంధం లేకుండా చెప్పుకోవడానికి తల్లిదండ్రుల్లో ఇద్దరి పేర్లు దాని కింద రాయమని. మూడు వారాలైంది. నిన్న గుర్తు చేస్తే గోడ మీద జాగా లేదన్నారు. వెళ్లి చూశాను. నిజమే, నేల నుంచి రేకు దాకా కప్పులు పట్టుకున్న పిల్లల ఫొటోలే ఉన్నాయి.