హరీ ఉన్నచోటల్లా హేస్ట్ కుదరదు

ఇంగ్లిష్ నేర్పే పోస్టుల్లో ఒక సలహా పదేపదే కనిపిస్తోంది: హేస్ట్ (haste), హరీ (hurry), స్పీడ్ మూడూ ఒకటే, ‘హరీ’ మామూలు మాట కాబట్టి దాని బదులు ‘హేస్ట్’ వాడితే భాష హుందాగా ఉంటుందట. ఇది నమ్మి ఆఫీసు మెయిళ్లు రాసేవాళ్లు అనవసరంగా మాట పడతారు. అందుకే ఒక్కో ముక్కా విడదీసి చూడాలి.

‘హేస్ట్ అంటే వేగం’. కాదు. వేగాన్ని కొలవొచ్చు. రైలుకీ బంతికీ ఇంటర్నెట్‌కీ స్పీడ్ ఉంటుంది, హేస్ట్ ఉండదు. హేస్ట్ పని చేసే మనిషిలో ఉండే త్వర. ‘మోర్ హేస్ట్, లెస్ స్పీడ్’ అనే ఇంగ్లిష్ సామెత ఈ రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టింది. అందులో స్పీడ్‌కు పాత అర్థం సాఫల్యం: ఎంత తొందరపడితే పని అంత చెడుతుందని.

‘హరీ స్థానంలో హేస్ట్ పెట్టేయొచ్చు’. ‘హరీ అప్’ ఉంది, ‘హేస్ట్ అప్’ లేదు. ‘డోంట్ హరీ’ అంటారు, ‘డోంట్ హేస్ట్’ అనరు. హేస్ట్ ఇప్పుడు నామవాచకమే. క్రియ ‘హేసన్’ (hasten), లిజన్‌లో లాగే రాతలో ఉన్న ‘టి’ పలకదు. దాన్నీ ఎక్కువగా ఒక పరిణామాన్ని ముందుకు జరపడానికే వాడతారు: వర్షం గోడ కూలడాన్ని ‘హేసన్’ చేస్తుంది. ‘ఇన్ ఎ హరీ’లో ‘ఎ’ తప్పనిసరి (మనవాళ్లు ‘ఐ యామ్ ఇన్ హరీ’ అనేది ఇక్కడే తప్పుతుంది), ‘ఇన్ హేస్ట్’లో ‘ఎ’ రాకూడదు. ‘ఇన్ గ్రేట్ హేస్ట్’ అన్నా అంతే. ‘మేక్ హేస్ట్’ తప్పు కాదు గానీ పాతబడింది. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో తనను చూడాలని చెట్టెక్కిన జక్కయ్య అనే మనిషితో యేసు అన్నది అదే; తెలుగు బైబిల్లో ‘త్వరగా దిగుము’ అని ఉంది. స్నేహితుడితో ‘మేక్ హేస్ట్’ అంటే ‘దిగుము’ అన్నంత గ్రాంథికంగా వినిపిస్తుంది.

‘హేస్టీ అంటే క్విక్’. అన్నిటికంటే నష్టం చేసేది ఇదే. క్విక్ డెసిషన్ అంటే త్వరగా తీసుకున్న నిర్ణయం. హేస్టీ డెసిషన్ అంటే తొందరపడి తీసుకున్న నిర్ణయం, ఆలోచన చాలలేదన్న నింద అందులోనే ఉంది. ‘థాంక్యూ ఫర్ యువర్ హేస్టీ రిప్లై’ అని రాస్తే, చూసుకోకుండా జవాబిచ్చారని అవతలివాళ్లను అన్నట్టే. అక్కడ రాయాల్సింది ‘ప్రాంప్ట్ రిప్లై’. సందేహం వస్తే వాక్యాన్ని తెలుగులో అనుకోండి: ‘త్వరగా’ సరిపోతే క్విక్ లేదా ప్రాంప్ట్, ‘తొందరపాటు’ సరిపోతేనే హేస్టీ. ఈ పరీక్షకు లొంగనివీ ఉన్నాయి. ‘హేస్టీ రిట్రీట్’లో నింద ఉండనక్కర్లేదు, గబగబా వెనక్కి తగ్గడమే. హేస్టీ లంచ్ కూడా హడావుడిగా ముగించిన భోజనమే. తీర్పు, నిర్ణయం, మాట, జవాబు లాంటి ఆలోచించి చేయాల్సిన వాటి ముందు వస్తే మాత్రం అది తప్పు పట్టడమే.

‘పోస్ట్-హేస్ట్ అంటే తొందర తర్వాత’. ఇక్కడి ‘పోస్ట్’ తర్వాత అనే లాటిన్ ముక్క కాదు, ఉత్తరాలు మోసే టపా. 16వ శతాబ్దంలో ఇంగ్లండులో అత్యవసర లేఖల మీద ‘హేస్ట్, పోస్ట్, హేస్ట్’ అని రాసేవారు. టపా మనిషికి అది ఆదేశం: త్వరగా, ఇంకా త్వరగా అని. అందుకే ఇప్పుడు పోస్ట్-హేస్ట్ అంటే వీలైనంత త్వరగా.