టెఫ్లాన్ షీట్: 260 డిగ్రీల అంకె చెప్పని సంగతి

టెఫ్లాన్ షీట్ కొనేవాళ్ల చూపు ముందుగా పడేది 260 డిగ్రీల సెల్సియస్ అన్న అంకె మీదే. అంత వేడిలో నిరంతరం వాడొచ్చన్న మాట నిజమే. కానీ గాస్కెట్ (అతుకు మధ్య లీకు కాకుండా పెట్టే పొర) వేసేవాడికి అది సగం సమాచారం. బోల్టులు బిగించి వదిలేస్తే గది ఉష్ణోగ్రతలోనే షీట్ మెల్లగా పక్కలకు పాకుతుంది, పలచబడుతుంది. బిగువు తగ్గి లీకేజీ మొదలవుతుంది. దీన్ని కోల్డ్ ఫ్లో అంటారు.

కారణం టెఫ్లాన్‌గా మనం పిలిచే పీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్ నిర్మాణంలోనే ఉంది. కార్బన్ గొలుసు చుట్టూ ఫ్లోరిన్ పరమాణువులు కప్పేసి ఉంటాయి. ఆ బంధం గట్టిది కాబట్టి కరిగిన సోడియం, ఫ్లోరిన్ వాయువు లాంటివి తప్ప దాదాపు ఏ రసాయనమూ దాని జోలికి రాదు. అయితే ఒక గొలుసు పక్క గొలుసును పట్టుకునే బలం చాలా తక్కువ. దేనికీ అంటుకోకపోవడానికీ, బరువు పడితే జారిపోవడానికీ మూలం అదే.

దీని తయారీ కూడా వింతే. 327 డిగ్రీల దగ్గర కరిగినా పారదు, జెల్లా నిలబడిపోతుంది. అందుకే పొడిని అచ్చులో నొక్కి, ఓవెన్‌లో కాల్చి, ఆ దిమ్మెను లేత్ మీద తిప్పుతూ బ్లేడుతో పలచని షీట్‌గా ఒలుస్తారు. ట్యాంకు లోపల అతికించాలంటే ఒక ముఖాన్ని సోడియం ద్రావణంతో ఎచింగ్ చేయాలి, అంటే జిగురు పట్టేలా పైపొరను రసాయనంతో మార్చాలి. అటువైపు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఎండ తగిలితే ఆ పట్టు పోతుంది కాబట్టి చీకట్లో దాచాలి. స్టోర్ రూమ్‌లో దీన్ని పట్టించుకోకపోతే తర్వాత నింద జిగురు మీద పడుతుంది.

గ్లాస్ ఫిల్లర్, అంటే గట్టిదనం కోసం గాజు, కలిపితే పాకడం తగ్గుతుంది. కాకపోతే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, ఘాటైన క్షారాలు ఆ గ్లాసును తినేస్తాయి. అక్కడ కార్బన్ ఫిల్లర్ నయం. ఇదే జాతికి చెందిన మరో ప్లాస్టిక్ పీవీడీఎఫ్ గట్టిదే గానీ 150 డిగ్రీలు దాటకూడదు, దానికీ క్షారాలు పడవు. వెల్డింగ్ చేయాలంటే కరిగి పారే పీఎఫ్ఏ, ఎఫ్ఈపీ అనే ఇదే జాతి ప్లాస్టిక్‌లు ఉన్నాయి.

ఇక పర్యావరణం సంగతి. షీట్ జడమైనదే. చిక్కంతా తయారీలో వాడే సహాయక రసాయనాలతో, వాడి పారేశాక కుళ్లని చెత్తతో. ఆ సహాయక రసాయనాల్లో ఒకటైన పీఎఫ్ఓఏను 2019లో, చెడకుండా ఉండిపోయే కాలుష్యకాలపై కుదిరిన స్టాక్‌హోమ్ అంతర్జాతీయ ఒప్పందం నిర్మూలన జాబితాలో చేర్చింది. ఐరోపాలో 5 దేశాలు కలిసి పీఎఫ్ఏఎస్ అనే ఈ ఫ్లోరిన్ రసాయనాల కుటుంబం మొత్తంపై ఆంక్షలు ప్రతిపాదించిన సంగతి 2023లో బయటికొచ్చింది. అన్నింటినీ ఒకే గాటన కట్టడం నాకు సబబుగా తోచదు. ఆమ్లమూ వేడీ కలిసి తాకే ఫ్లాంజ్‌కు (పైపులను బోల్టులతో కలిపే అంచుకు) దీన్ని మించింది దొరకడం కష్టం. కన్వేయర్ కింద రాపిడి తగ్గించడానికి మాత్రం ఇది అక్కర్లేదు. చవకైన యూహెచ్ఎండబ్ల్యూ పాలిథీన్ (చాలా పొడవైన గొలుసులున్న పాలిథీన్ రకం) చాలు, అది అరగడం కూడా తక్కువే.